సోకుల పిస్తోలు, పక్కవాడి చెవి

"దుబాయ్‌ల తుపాకుల కంపెనీల చేసినవట గదా మామా, ఎంతమందిని కాల్చినవ్?"

ఊరికి వచ్చినప్పటి నుంచి నన్ను అందరూ అడిగేది ఇదే. నేను చేసింది దుబాయ్‌లో కాదు, ఖతార్‌లో. కానీ మా ఊళ్ళో సముద్రం దాటితే ఏదైనా దుబాయే కాబట్టి ఆ తప్పు దిద్దడం మానేశాను. ఇక కాల్చడం సంగతి. దోహా బయట ఇసుకలో ఉన్న ఒక షూటింగ్ క్లబ్బులో పదమూడేళ్ళు పిస్తోళ్ళు విప్పాను, తుడిచాను, నూనె పెట్టాను, మళ్ళీ బిగించాను. ఒక్క తూటా కూడా కాల్చలేదు. పనివాళ్ళు కాల్చకూడదని అక్కడి రూలు. మిఠాయి దుకాణంలో పనిచేసే షుగరు రోగిలా బతికాను.

ఇప్పుడు మా పక్క ఊరి పిల్లలు కొందరు అలాంటి పనికే పోతున్నామని వచ్చి, ఏం నేర్చుకోవాలో చెప్పమన్నారు. ఏడో తరగతిలో బడికి దండం పెట్టినవాడిని, రాత నా వల్ల కాదన్నాను. నోటితో చెప్పబోతే జోకులే వస్తున్నాయి, అసలు మాట రావడం లేదు. అందుకే రాస్తున్నాను. వీసా, జీతం, క్యాంపు సంగతులు ఏజెంటు చెప్తాడు. అబద్ధమైనా చెప్తాడు. వాడు చెప్పనిది నేను చెప్తాను.

ఎర్రబస్సు, కొత్తల్లుడు

క్లబ్బులో పిస్తోళ్ళు రెండు జాతులు. మొదటిది క్లబ్బు కొని, వచ్చినవాళ్ళకు కిరాయికి ఇచ్చే చవక రకం. రెండోది మెంబర్లు సొంతంగా కొనుక్కుని, ముక్క ముక్క మార్పించుకుని, మా గదిలో దాచుకునేది. లోపలి పని రెండింటిదీ ఒకటే. ఒకసారి ట్రిగ్గర్ నొక్కితే ఒక తూటా పేలుతుంది. ఆ దెబ్బకే పైన ఉన్న స్లైడు వెనక్కి పోయి, పేలిన తూటా ఖాళీ గొట్టాన్ని బయటికి విసిరి, కొత్త తూటాను లోపలికి తోస్తుంది. మళ్ళీ నొక్కితేనే మళ్ళీ పేలుతుంది. సెమీ ఆటోమేటిక్ అంటే ఇంతే, భయపడాల్సిందేమీ లేదు. భయపడాల్సింది వేరే ఉంది.

చవక పిస్తోలు మన ఎర్రబస్సు. పొద్దున తలుపు తీసిన దగ్గర నుంచి ఎంతమంది చేతులు మారుతుందో దానికే తెలియదు. ట్రిగ్గర్‌ను బాయిలోంచి చేద లాగినట్టు లాగాలి. గురి చూసే గుర్తు ఒక ప్లాస్టిక్ ముక్క, కింద పడితే ఊడుతుంది. పిడి ఎవరి చేతికీ సరిపోదు, ఆ విషయంలో మాత్రం పక్షపాతం లేదు. కానీ ఏ తూటా పెట్టినా తింటుంది, ఒక రోజు తుడవకపోయినా అలగదు. ఒకదాని స్ప్రింగు విరిగితే ఇంకోదాని స్ప్రింగు పెట్టి నడిపించవచ్చు.

సోకుల పిస్తోలు కొత్తల్లుడు. ఫలానా తూటాయే కావాలి, ఫలానా నూనే కావాలి. స్ప్రింగు మార్పించాక వేరే రకం తూటా పెట్టామా, సగంలో ఇరుక్కుని మూతి ముడుచుకుంటుంది. పైన ఎర్రచుక్క చూపించే అద్దం, మెంబరు చెయ్యి కొలతకు చెక్కిన పిడి, వేలు ఆనిస్తే చాలు పేలే ట్రిగ్గర్. కుదిరినప్పుడు మాత్రం, నిజం ఒప్పుకోవాలి, చేతిలో పట్టుకుంటే చెయ్యే నాలుగు అంగుళాలు పెరిగినట్టుండేది.

నా తీర్పు చెప్పమంటే, నేర్చుకునేవాడికి చవకదే మంచిది. తప్పు చేస్తే ఆ తప్పు చేతికి తెలుస్తుంది. మార్పులు చేయించుకోవాలనుకుంటే ముందు గురి గుర్తులు, ఆ తరువాత పిడి, ఆఖరున ట్రిగ్గర్. వచ్చేవాళ్ళంతా ట్రిగ్గర్‌తోనే మొదలుపెడతారు. నడక రాకముందే పరుగు పందెం.

ఇదంతా కాల్చేవాడి వైపు నుంచి పోల్చడం. పక్కన నిలబడేవాడి వైపు నుంచి ఎవరూ పోల్చరు.

ఇద్రీస్ ఉస్తాద్

పిస్తోళ్ళ గదికి పెద్ద ఇద్రీస్ ఉస్తాద్, సూడాన్ దేశం వాడు. మిలిటరీలో ఆయుధాల రిపేరు చేసి వచ్చినవాడు. లక్ష్మణ్ అనే నా పేరు అతని నోట్లో లుఖ్మాన్ అయింది. మేమిద్దరం హిందీ, అరబ్బీ కలిపి మాట్లాడుకునేవాళ్ళం.

చేరిన కొత్తలో ఒక పిస్తోలు విప్పి నేనే బిగించాను. బిగించాక ఒక చిన్న స్ప్రింగు మిగిలింది. సంబరంగా తీసుకుపోయి చూపించాను. "ఉస్తాద్, ఒకటి ఎక్కువ వచ్చింది, కంపెనీవాడు కొసరు పెట్టినట్టుంది."

అతను స్ప్రింగును చూశాడు, నన్ను చూశాడు. "మాఫీ ముఖ్! బుర్రే లేదు! లుఖ్మాన్, నిన్ను విప్పి బిగిస్తే ఏం మిగులుతుందో తెలుసా? మెదడు. లేకున్నా నువ్వు బాగానే నడుస్తావు."

అతను నేర్పిన వాటిలో మీకు పనికొచ్చేది ఒకటుంది. పిస్తోలు చేతికి తీసుకోగానే ఖాళీగా ఉందో లేదో కన్నుతో చూడు, వేలితో తడుము. ఇచ్చినవాడు ఖాళీ అన్నా నమ్మకు. సొంత అన్న చెప్పినా నమ్మకు. పిస్తోలు విషయంలో నోటిమాటకు విలువ లేదు.

ఇంకొకటి చెప్పాడు, అది నేను పెద్దగా పట్టించుకోలేదు. మెంబర్ల పిస్తోళ్ళకు గొట్టం చివర చిల్లులున్న ఒక ముక్క బిగిస్తారు. దాన్ని మేము ముక్కు అనేవాళ్ళం. పేలినప్పుడు వచ్చే గాలి ఆ చిల్లుల్లోంచి పైకీ పక్కలకూ తన్నుకుపోతుంది, అందువల్ల పిస్తోలు ఎగరదు, కాల్చేవాడి మణికట్టుకు హాయి. చప్పుడు మాత్రం ముందుకు పోకుండా పక్కలకు వస్తుంది. మాది పైకప్పున్న రేంజి, నాలుగు వైపులా సిమెంటు గోడలు.

"చవకది కాల్చేవాడి చేతిని కొడుతుంది" అన్నాడు ఇద్రీస్. "ముక్కున్నది ఆ దెబ్బను తీసి పక్కవాడి చెవిలో పెడుతుంది. దెబ్బ ఎక్కడికీ పోదు లుఖ్మాన్, మనిషి మారతాడు, అంతే."

డిప్ప ఎత్తే మర్యాద

ఆ పక్కవాడే ఖాజా. కోరుట్ల మనిషి. తెలుగూ దక్కనీ రెండూ వచ్చినవాడు, రెండింటిలోనూ నన్ను ఆటపట్టించేవాడు. రేంజిలో అతని డ్యూటీ, కాల్చేవాళ్ళ వెనక నిలబడటం, తూటాల డబ్బాలు అందించడం, గంట మోగి అందరూ పిస్తోళ్ళు కింద పెట్టాక గీత దాటి పోయి ఖాళీ గొట్టాలు ఊడ్చి రావడం.

చెవులకు చప్పుడు ఆపే డిప్పలు కంపెనీ ఇచ్చింది. మంచివే ఇచ్చింది. కానీ అవి పెట్టుకుంటే తూటా చప్పుడుతో పాటు మనిషి మాటా వినపడదు. మెంబరు వెనక్కి తిరిగి ఏదో అంటాడు. ఖాజా ఏం చేస్తాడు? ఎడమ డిప్పను చేత్తో ఎత్తి, కొంచెం వంగి, "జీ సాబ్" అంటాడు. అదే క్షణంలో పక్క వరుసలో ఇంకొకడు ముక్కున్న పిస్తోలు పేలుస్తాడు.

ఎత్తమని ఎవరూ చెప్పలేదు. ఒక్క ఖాజాయే కాదు, మన దిక్కు నుంచి పోయినవాళ్ళందరం అదే చేసేవాళ్ళం. పిలిప్పీన్ పిల్లలు డిప్ప ఎత్తేవాళ్ళు కాదు, చేత్తో సైగ చేసి మెంబరునే బయటికి పిలిచేవాళ్ళు. మాకది పొగరులా కనపడేది. మా నాయన దొర ఎదురైతే భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకునేవాడు. ఆ దొరలు పోయారు, వాళ్ళుండే గడీ కూలిపోయింది, మేము ఊరు దాటాం, సముద్రం దాటాం. దాటి వచ్చి, డిప్ప ఎత్తాం.

ఒకసారి ఖాజాను కసిరాను. "అరే, చెవులు గుళ్ళె గంటలనుకున్నవా, వచ్చినోడల్లా కొట్టిపోతున్నడు."

"పెద్దమనిషి మాట్లాడుతుంటె చెవులు మూసుకొని నిలవడుడు బత్తమీజీ గాదా అన్నా?"

"ఆ పెద్దమనిషి చెవులు మూసుకొనే మాట్లాడుతున్నడు గద రా!"

"ఆయన సాబ్. నేను సాబ్‌నా?"

ఆ సాబుల్లో బూ నాసర్ అని ఒక మెంబరు ఉండేవాడు, ఖతార్ మనిషి, చాలా మంచివాడు. ఇంటి డ్రైవర్ల దగ్గర హిందీ నేర్చుకున్నాడు. వచ్చిన ప్రతిసారీ ఖాజాను పేరు పెట్టి పిలిచి, బిడ్డ ఎట్లుంది, ఏం చదువుతోంది, భార్య ఆరోగ్యం ఎట్లుందని అడిగేవాడు. అడిగినంతసేపూ ఖాజా డిప్ప పైనే ఉండేది. తిట్టేవాడు ఒక్క మాటతో తిట్టి పోతాడు. యోగక్షేమాలు అడగడానికి మంచివాడికే తీరిక. ఖాజా చెవిని తిన్నది ఎవరి దుర్మార్గమో అయితే నేను ఈపాటికి ఒక తిట్టు తిట్టి పక్కకు జరిగేవాణ్ణి.

సంసారం ఉండే చోటు

మొదట ఖాజా చెవిలో ఈల మోగింది. "అన్నా, చెవుల కుక్కర్ పెట్టిన్రు" అనేవాడు. నవ్వేవాళ్ళం. శుక్రవారం దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్ పేటకు పోయి చాయ్ తాగేటప్పుడు అతను నా ఎడమ వైపుకు వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు, కుడి చెవి నా వైపు ఉండేలా. తరువాత ఎక్కడ కూర్చున్నా నా నోటినే చూసేవాడు. నా మూతి అంత అందంగా ఉందా అని ఎకసెక్కం చేశాను.

గల్ఫ్‌కు పోయినవాడి సంసారం ఎక్కడ ఉంటుందనుకుంటున్నారు? చెవిలో. భార్య చెవిలోనే ఉంటుంది, బిడ్డ చెవిలోనే పెరుగుతుంది. ఇప్పుడు వీడియో ఉంది, ముఖం కనపడుతుంది, సరే. ముఖంతో కాపురం నడవదు. పాలవాడు రాలేదనీ, పిల్లకు జ్వరం తగ్గిందనీ, నీ తమ్ముడు ఇట్లా అన్నాడనీ, ఇవన్నీ మాటలే.

ఖాజాకు ఆ మాటలు ముక్కలై, తరువాత ముద్దలై, ఆఖరుకు ఒక గుసగుసగా మిగిలాయి. అతను కనిపెట్టిన ఉపాయం, ఏది చెప్పినా నవ్వి "అచ్ఛా, బహుత్ అచ్ఛా" అనడం. ఒక రోజు భార్య షాహీన్ తన తల్లి ఆస్పత్రిలో ఉందని ఏడుస్తూ చెప్పింది. ఫోన్లో బొమ్మ చిన్నది, చీర కొంగు అడ్డం ఉంది. ఇతను నవ్వి "బహుత్ అచ్ఛా" అన్నాడు.

ఆమె నాకు ఫోన్ చేసింది. "లచ్చన్న భయ్యా, నిజం చెప్పున్రి. ఈయన ఆడ ఇంకోదాన్ని చేస్కున్నడా?"

నా బతుకులో జోకు తన్నుకొచ్చి గొంతులోనే చచ్చిపోయింది అప్పుడే. ఖాజా చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. "డ్యూటీ ఎక్కువుందమ్మా, మనిషి అలసిపోతున్నడు" అన్నాను.

పాసైన చెవి

ఏటేటా కంపెనీ చెవుల పరీక్ష పెట్టేది. చెవులకు యంత్రం తగిలించి, కూత వినపడితే వేలెత్తమంటారు. ఖాజా ప్రతిసారీ పాసయ్యాడు. నర్సు మీట నొక్కినప్పుడల్లా ఆమె భుజం రవ్వంత కదిలేది, అతను భుజం చూసి వేలెత్తేవాడు. మంచి చెవులున్న నేను ఏడో తరగతి తప్పాను, చెవులు లేనివాడు పరీక్ష పాసయ్యాడు. చదువుల మీద నాకున్న కాస్త గౌరవం కూడా అక్కడితో పోయింది.

బతిమాలి, తిట్టి, అల్ ముంతజాలో ఒక ప్రైవేటు డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. మలయాళీ ఆవిడ. ఆవిడ భుజం కదలలేదు. అద్దం అవతల కూర్చుంది.

"లోపలి నరం పోయింది" అంది హిందీలో. "పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టుకోవాలంటే ఆ చప్పుడులో పని చేయకూడదు."

నేను అదే మాటను ఖాజా మొహం ముందు నిలబడి గట్టిగా చెప్పాను. అతను అడిగింది ఒక్కటే. "పని ఇడిశిపెట్టి పోతె ఇంట్ల ఏమని చెప్పాలె? వాళ్ళ మాట వినస్తలేదని చెప్పాల్నా?"

ఇద్రీస్ తన వంతు చేశాడు. ఖాజా పేరెత్తకుండా మేనేజర్ దగ్గరికి పోయి, ముక్కున్న పిస్తోళ్ళకు చివరి వరుస ఒక్కటే కేటాయించమన్నాడు. నేనూ వెంట పోయాను.

"డిప్పలు ఇచ్చామా, లేదా?" అన్నాడు మేనేజర్.

"ఇచ్చారు" అన్నాను.

"తీయమని ఎవరైనా చెప్పారా?"

"లేదు."

"మరి నన్నేం చేయమంటావు?"

చివరికి అతను ఒక బోర్డు పెట్టించాడు, డిప్పలు తీయరాదని, ఇంగ్లీషులో, అరబ్బీలో. ఖాజాకు రెండూ రావు. నేను ఇంగ్లీషు కూడబలుక్కుని చదివి చెప్పాను. తలూపాడు. కానీ డిప్ప ఎత్తకపోతే ఇప్పుడు అతనికి ఏమీ వినపడదు. వినపడటం లేదని తెలిస్తే ఇంటికి పంపిస్తారు. అందుకని ఇంతకుముందు కంటే ఎక్కువ సార్లు ఎత్తేవాడు. ఎత్తినకొద్దీ చెవి తగ్గేది, తగ్గినకొద్దీ ఎత్తేవాడు.

గీత దాటిన పొద్దు

ఒక రోజు సాయంత్రం అస్ర్ నమాజు అయిన తరువాత రేంజి నిండుగా ఉంది. బూ నాసర్ మధ్య వరుసలో తన పిస్తోలుతో ఉన్నాడు. దాని ట్రిగ్గర్‌ను తేలిక చేసింది ఇద్రీసే, చాలా బాగా కుదిరింది. నేను తుడిచిన మ్యాగజైన్లు ఇవ్వడానికి లోపలికి పోయాను.

పక్క వరుసలో ఒకతను చెమట తుడుచుకోవడానికి పిస్తోలు కింద పెట్టాడు. ఖాజా అది చూశాడు. గంట మోగిందనుకున్నాడు. గంట మోగలేదు. చీపురు తీసుకుని, నింపాదిగా, గీత దాటి ముందుకు నడిచాడు.

నేను అరిచాను. నా అరుపు అందరికీ వినపడింది, ఒక్క ఖాజాకు తప్ప.

బూ నాసర్ గురి చూస్తున్నాడు. వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. చవక పిస్తోలు అయితే లాగడానికి కొంత బలం కావాలి, ఆ బలం పెట్టేలోపు మనిషి మనసు మార్చుకోవచ్చు. దీనికి గట్టిగా ఊపిరి తీసుకుంటే చాలు. అతను ఆ ఊపిరి తీసుకోలేదు. వేలు పక్కకు తీశాడు, పిస్తోలు కింద పెట్టాడు, ఆ తెల్లని బట్టలతోనే కటిక నేల మీద కూలబడ్డాడు. ఖాజా అటు తిరిగి ఊడుస్తూనే ఉన్నాడు.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఖాజా అన్నీ చెప్పాడు. చెవి సంగతి, నర్సు భుజం సంగతి, డిప్ప సంగతి. బూ నాసర్ నమ్మలేకపోయాడు.

"నేను మాట్లాడినప్పుడల్లా తీసేవాడివా? ఎందుకు? నేను తీయమన్నానా?"

నేను ఆ ప్రశ్నను ఖాజాకు సైగలతో అందించాను. ఖాజా చేతులు కట్టుకుని అన్నాడు, "నై సాబ్. మీరు నా బిడ్డ సంగతి అడుగుతున్నరు గద."

బూ నాసర్ మేనేజర్‌తో చాలాసేపు వాదించాడు, పంపించవద్దని. రేంజిలో గంట వినపడనివాణ్ణి ఎట్లా ఉంచుకుంటామని మేనేజర్ అన్నాడు. అదీ నిజమే. గేటు దగ్గర పెట్టమన్నాం, గేటు కాంట్రాక్టు వేరే కంపెనీది. ఖాజా ఇంటికి పోయేముందు బూ నాసర్ తను వాడే డిప్పల్లాంటి కొత్త జత తెచ్చి ఇచ్చాడు. కరెంటువి. తూటా చప్పుడును ఆపి, మనిషి మాటను పెద్దది చేసి వినిపిస్తాయి. మెంబర్లందరి చెవులకూ అవే ఉండేవని నేను అప్పుడు గమనించాను. వాళ్ళు డిప్ప ఎత్తకుండానే ఎట్లా మాట్లాడుకునేవాళ్ళో ఇన్నేళ్ళలో ఒక్కరోజూ నాకు తట్టలేదు. అవి సొంత పిస్తోలు ఉన్నవాడి చెవులు. మావి కిరాయి చెవులు.

పోయేవాళ్ళకు

పిల్లలూ, మీరు పోతారు. పోవద్దంటే ఆగరు, ఆపడానికి నా దగ్గర ఇక్కడ పని కూడా లేదు. పిస్తోలు గురించి అందరూ మీకు జాగ్రత్తలు చెప్తారు, అది ఎటు చూస్తుందో చూసుకోమంటారు. అది ఎటూ చూడకుండానే నా స్నేహితుణ్ణి తినేసింది. ఎవరు పిలిచినా డిప్ప తీయకండి. షేక్ పిలిచినా, మేనేజర్ పిలిచినా, బూ నాసర్ లాంటి మంచివాడే యోగక్షేమం అడిగినా. చెయ్యెత్తి ఆగమనండి, బయటికి పోయి మాట్లాడండి. పొగరు అంటే అననివ్వండి. పరీక్షలో భుజం చూడకండి. ఇంత చెప్పానా, మీరు ఎత్తుతారని నాకు తెలుసు. రక్తంలో ఉన్నదాన్ని రాతతో తీయలేను.

కోరుట్లలో

నేను పని ముగించుకుని వచ్చాక ఖాజాను చూడడానికి పోయాను. షాహీన్ తలుపు తీసి, నమస్తే పెట్టి, కుర్చీ వేసింది. ఇప్పుడు ఆమెకు అంతా తెలుసు, కోపం లేదు. బూ నాసర్ ఇచ్చిన డిప్పలు కొన్నాళ్ళు ఇంట్లో పెట్టుకున్నాడట. చచ్చిన నరానికి పెద్ద మాటైనా చిన్న మాటైనా ఒకటే, మోత తప్ప మాట తెలియలేదట. బిడ్డ సనా కాలేజీ నుంచి వచ్చి, తండ్రి భుజం తట్టి, అన్నం తిన్నావా అని చేత్తో అడిగి లోపలికి పోయింది. ఇంట్లో అందరూ అట్లాగే. భుజం తట్టడం, చెయ్యి చూపడం, లేదంటే ఫోన్లో రాసి చూపడం. ప్రేమగానే ఉన్నారు. అన్నీ అడిగి పెడుతున్నారు.

ఖాజా నన్ను వాకిట్లో తన కుడి వైపు కూర్చోబెట్టుకున్నాడు. తరువాత గొంతు తగ్గిద్దామనుకుని, ఎంత తగ్గిందో తెలియక, వీధి అంతా వినపడేలా అన్నాడు.

"లచ్చన్నా, జర ఈడనే కూసో. లోపట్నుంచి నన్ను ఎవరన్న పేరు పెట్టి పిలుస్తె చెప్పు."

సరేనని తలూపాను. లోపల గిన్నెల చప్పుడు, తల్లీకూతుళ్ళ మాటలు, మధ్యలో ఒక నవ్వు. అన్నీ నాకు వినపడుతున్నాయి. అతను నా నోరు చూస్తున్నాడు.

"పిలిచిన్రా?"

అడ్డంగా తలూపాను.

ఎండ వాకిలి దాటి గోడ ఎక్కేదాకా కూర్చున్నాను. ఎవరూ పిలవలేదు.